జంషెడ్‌పూర్‌లో చలికాలపు మజిలీ

జంషెడ్‌పూర్‌ను తీరిగ్గా చూడదలచుకున్నవారికి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా అనువైన కాలం. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వడగాలి కొడుతుంది. చలికాలంలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు, ఒక్కోరోజు ఇంకా కిందికి దిగుతుంది గానీ, మంచు విడిచి ఎండ పొడ తగిలిందంటే సాయంత్రం దాకా హాయిగా తిరగొచ్చు. పొద్దుగూకాక మాత్రం స్వెట్టరు, శాలువా లేకుండా బయటికి రావడం కష్టం.

ఊరి పేరు జంషెడ్‌పూర్, స్టేషను పేరు టాటానగర్. చుట్టుపక్కలవాళ్లు ఈ రెండూ వదిలేసి ‘టాటా’ అనే అంటారు. హౌరా నుంచి ముంబయి వెళ్లే రైలు మార్గంలో హౌరాకు 250 కిలోమీటర్ల దూరంలో ఉంది. కోస్తా నుంచి వెళ్లేవారికి రెండు దారులు. ఒకటి విజయనగరం, రాయగడ, సంబల్‌పూర్, రూర్కెలా మీదుగా కొండలూ అడవుల మధ్య నుంచి వెళ్తుంది. రెండోది భువనేశ్వర్ మీదుగా ఖరగ్‌పూర్ చేరి, అక్కడ బండి మారి పడమటికి తిరగడం. కాశీకో, గయకో వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఇది కిటికీలోంచి పొగగొట్టాలు కనిపించే ఒక పెద్ద స్టేషను మాత్రమే. ఒకటి రెండు రోజులు దిగి చూడవలసిన ఊరని తోచేవారు తక్కువ. కోట, రాజమహలు, వెయ్యేళ్ల గుడి ఏవీ లేవు గదా అని కాబోలు. ఊరి వయసు నూరేళ్లు దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. కానీ ఆ నూరేళ్లలో జరిగినది తక్కువేమీ కాదు.

కథ ఇనుపరాయితో మొదలైంది. ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1904 ఫిబ్రవరిలో జంషెడ్‌జీ టాటాకు ఒక ఉత్తరం రాశాడు. మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉందన్నది దాని సారాంశం. అదే ఏడాది మే 19న జంషెడ్‌జీ జర్మనీలో కన్నుమూశాడు. కొడుకు దొరాబ్జీ పని కొనసాగించాడు. 1907 ఆగస్టు 26న టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. ఉక్కు కార్ఖానాకు ఖనిజం, బొగ్గు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. అమెరికన్ నిపుణుడు వెల్డ్, అతని వెంట ఉన్న శ్రీనివాసరావు అనే సర్వేయరు స్థలం వెతుకుతూ తిరిగి తిరిగి, సువర్ణరేఖలో ఖర్‌కాయి నది వచ్చి కలిసేచోట సాక్చి అనే పల్లెను పట్టుకున్నారు. కాళీమాటి రైల్వే స్టేషను కూతవేటు దూరంలో ఉంది. రెండు నదుల నీళ్లు, పక్కనే రైలు. ఇంకేం కావాలి?

1908 ఫిబ్రవరిలో అక్కడ తొలి గుంజ పాతారు. 1911 డిసెంబరులో కొలిమి నుంచి తొలి ఇనుము పారింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగాలకు ఇక్కడి పట్టాలు వెళ్లాయి. అందుకు కృతజ్ఞతగా వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ 1919 జనవరి 2న స్వయంగా వచ్చి, సాక్చికి జంషెడ్‌జీ పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. గమనిస్తే ఈ ఊరి పుట్టుక తేదీలన్నీ చలికాలంలోనే పడ్డాయి.

యుద్ధం అయ్యాక గిరాకీ పడిపోయి 1924లో జీతాలివ్వడానికి కూడా డబ్బు లేని పరిస్థితి వచ్చింది. అప్పుడు దొరాబ్జీ తన సొంత ఆస్తి అంతా తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి అప్పు తెచ్చాడు. అందులో ఆయన భార్య మెహర్‌బాయి ధరించే జూబ్లీ వజ్రం కూడా ఉంది. కోహినూరు కన్నా పెద్దదైన ఆ వజ్రం 245 కేరట్లు. కార్ఖానా నిలబడింది. ఇదంతా యజమానుల వైపు కథ. కార్మికుల వైపు కథ కూడా అంతే గట్టిది. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే ఇక్కడ అమలయింది. జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంటు ఫండు 1920లో వచ్చాయి. అదే ఏడాది మొదటి పెద్ద సమ్మె కూడా జరిగింది. 1928 సమ్మె నెలల తరబడి సాగింది, ఆ సమయంలో సుభాష్ చంద్ర బోస్ వచ్చి లేబర్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు. అంతకు మూడేళ్ల ముందు, 1925లో గాంధీజీ వచ్చి వెళ్లాడు. సౌకర్యాలు దయతో వచ్చాయా, పోరాటంతో వచ్చాయా అన్న వాదన ఇక్కడి టీ కొట్ల దగ్గర ఇప్పటికీ తెమలదు. రెండింటితోనూ వచ్చాయన్నదే నిజం.

ఊరిని చూడటమంటే ముఖ్యంగా దాని వీధుల్ని చూడటమే. దేశంలో ప్లాను గీసి కట్టిన తొలి పారిశ్రామిక నగరం ఇది. చండీగఢ్ ఊసు పుట్టడానికి దాదాపు నలభై ఏళ్ల ముందటి మాట. ఉక్కు నగరంలో రోడ్లు వెడల్పుగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, పచ్చిక మైదానాలకు, గుడికీ మసీదుకూ చర్చికీ చోటు వదలాలని జంషెడ్‌జీ 1902లోనే కొడుక్కి రాశాడు. ఇంగ్లండులో ఎబెనెజర్ హోవార్డ్ ఉద్యాన నగరం అనే ఆలోచనను ప్రచారం చేస్తున్న రోజులవి. లండన్ దగ్గర లెచ్‌వర్త్ పట్టణానికి పని 1903లో మొదలైంది. అంటే కాగితం మీది కోరిక ఇక్కడా అక్కడా దాదాపు ఒకే కాలంలో పుట్టింది.

ఆ కోరికను నేల మీదికి తెచ్చినవారు నలుగురు. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన కెనడీ కంపెనీ ఇంజనీర్లు మొదటి వీధులు గీశారు. అమెరికన్ పట్టణాల్లోలాగా అడ్డంగా నిలువుగా చదరపు గళ్లు. 1920 ప్రాంతాన వచ్చిన టెంపుల్ అనే ఇంజనీరు ఆ గళ్ల పద్ధతిని వదిలి, నేల వాలును బట్టి రోడ్లు, మురుగు కాలువలు వేశాడు. ఆదివాసీ కూలీల ఇళ్లకు ఆరు కోణాల అమరిక కూడా గీశాడు. 1936లో మేజర్ స్టోక్స్ మరో ప్లాను ఇచ్చాడు. నాలుగో మనిషి ఒట్టో కోనిగ్స్‌బెర్గర్. 1908లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. హిట్లర్ అధికారంలోకి రావడంతో దేశం విడిచి, చివరికి 1939లో మైసూరు సంస్థానంలో వాస్తుశిల్పిగా చేరాడు. అక్కడి నుంచి టాటాలు పిలిపిస్తే 1940ల నడుమ జంషెడ్‌పూర్‌కు అభివృద్ధి ప్రణాళిక తయారుచేశాడు. ఒక్కో పేటకు దాని బడి, దాని బజారు, దాని మైదానం దగ్గరలోనే ఉండాలి, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి వెళ్లగలగాలి అన్నది ఆయన సూత్రం. ఆ తర్వాత భువనేశ్వర్ ప్లాను గీసినదీ ఆయనే. తనను తరిమేసిన ఐరోపా నుంచి తెచ్చుకున్న విద్యతో ఆయన ఇక్కడ పేటలు కూర్చాడు. కద్మాలో, సోనారిలో, టెల్కో కాలనీలో ఓ గంట నడిస్తే ఇది పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది.

నడక బిష్టుపూర్ నుంచి మొదలుపెట్టడం మంచిది. పాత దుకాణాల వరుసలు, వరండాలు, విశాలమైన రోడ్డు, దానికి అటూ ఇటూ ముదురు చెట్లు. అక్కడి నుంచి జూబ్లీ పార్కు దగ్గరే. కంపెనీకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా మైసూరు బృందావనం నమూనాలో వేసిన తోట ఇది. 1958 మార్చి 1న నెహ్రూ ప్రారంభించాడు. లోపల జంషెడ్‌జీ విగ్రహం, గులాబీ తోట, మెట్లు మెట్లుగా దిగే ఫౌంటెన్లు, వెనక జయంతి సరోవరం, ఆ పక్కన జంతుప్రదర్శనశాల. గులాబీలు విచ్చుకునేది చలికాలంలోనే. ఊళ్లో గోపాల్ మైదానంలో పూల ప్రదర్శన జరిగేదీ ఈ కాలంలోనే. పార్కుకు సాక్చి వైపు ద్వారం దాటి బయటికొస్తే దృశ్యం మారిపోతుంది. ఇరుకు బజారు, హారన్లు, చనాచూర్ దుకాణాలు, బొగ్గుల మీద లిట్టీలు కాల్చే బండ్లు. గోధుమపిండి ముద్దలో శనగ సత్తు, వాము, ఆవనూనె కూరి నిప్పుల మీద కాలుస్తారు. కాల్చిన వంకాయ, టమాటా, పచ్చిమిర్చి నలిపి చేసే చోఖాతో తింటారు. చలిలో వేడివేడిగా నాలుగు తింటే మళ్లీ రాత్రి దాకా ఆకలి ఊసుండదు.

సోనారి చివర దోముహాని అనే చోట రెండు నదులూ కలుస్తాయి. శ్రీనివాసరావు చూసిన సంగమం ఇదే. సాయంత్రం పూట జనం చేరతారు. చలికాలానికి నీరు తగ్గి రాళ్లు, ఇసుక దిబ్బలు తేలతాయి. సువర్ణరేఖ ఇసుకను చెక్క పళ్లెంలో జల్లించి బంగారు రేణువులు ఏరుకునే ఆదివాసీ కుటుంబాలు ఈ నది ఒడ్డున తరతరాలుగా ఉన్నాయి. రోజంతా జల్లిస్తే దొరికేది వడ్లగింజ పాటి కూడా ఉండదు.

తెలుగు యాత్రికుడికి ఈ ఊళ్లో పరాయితనం అంతగా అనిపించదు. కార్ఖానా కడుతున్న రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి కూలీలు, ఖలాసీలు, రైల్వే పనివాళ్లు వచ్చి చేరారు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే అప్పటికే ఆ తీరాన్ని ఖరగ్‌పూర్‌తో కలిపింది, ఖరగ్‌పూర్ నుంచి టాటా ఒక పూట ప్రయాణం. తర్వాతి తరాలు ఫిట్టర్లు, గుమాస్తాలు, టీచర్లు, ఇంజనీర్లు అయ్యారు. కద్మా, బిష్టుపూర్, గోల్‌మురి, టెల్కో పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర యాసలో మొదలై మధ్యలో హిందీలోకి, ఆఖర్న బెంగాలీలోకి జారే తెలుగు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వీళ్ల పెద్ద కూడలి. ధనుర్మాసంలో, ముఖ్యంగా వైకుంఠ ఏకాదశి నాడు వెళ్తే ఊరి తెలుగువాళ్లు ఒక్కచోట కనిపిస్తారు. టెల్కోలోని భువనేశ్వరి గుడి కూడా దక్షిణాది గోపురంతో ఉంటుంది. ఆ గుడి నుంచి కాస్త ముందుకు వెళ్తే బిర్సానగర్.

పర్యాటక పుస్తకాల్లో బిర్సానగర్ పేరుండదు. అయినా అక్కడికి వెళ్లకుండా ఈ ఊరిని చూశామనుకోవడం సగం మాటే. టెల్కో కాలనీకి ఆనుకుని, ఊరి తూర్పు అంచున ఉన్న పెద్ద బస్తీ ఇది. ఇళ్లకు వీధి పేర్లు తక్కువ, జోన్ నంబర్లే గుర్తు. టాటాల మరో కంపెనీ టెల్కో 1945లో రైల్వేల నుంచి కొన్న కార్ఖానాలో ఆవిరి ఇంజన్లతో మొదలై, 1954 నుంచి జర్మనీకి చెందిన డైమ్లర్–బెంజ్ సహకారంతో లారీలు తయారుచేసింది. కాలనీలో క్వార్టరు దక్కినవాళ్లు పర్మనెంటు ఉద్యోగులు. దక్కనివాళ్లు, ఠేకేదారు కింద పనిచేసేవాళ్లు, వాళ్ల ఇళ్లు కట్టే మేస్త్రీలు, ఆటోవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కాలనీ గోడ అవతల ఇల్లు వేసుకున్నారు. ముండా, సంథాల్, హో, భూమిజ్ కుటుంబాలు, బిహారీలు, బెంగాలీలు, ఒడియావాళ్లు, తెలుగువాళ్లు అందరూ ఉన్నారు. జంషెడ్‌పూర్‌లో ఇలాంటి బస్తీలను కలిపి ‘86 బస్తీలు’ అంటారు. 2005లో టాటా లీజును పునరుద్ధరించినప్పుడు వీటి నేలను లీజులోంచి వేరుచేశారు. ఇంటి స్థలంపై యాజమాన్య హక్కు ఇవ్వాలన్న డిమాండు ప్రతి ఎన్నికలోనూ వస్తుంది. కోనిగ్స్‌బెర్గర్ ప్లానులో చెట్టుకూ చోటుంది, బడికీ చోటుంది. తక్కువ కూలికి పనిచేసేవాడి ఇంటికి చాలినంత చోటు దొరకలేదు. ఊరి అసలు లోటు అదే.

బస్తీకి పేరిచ్చిన బిర్సా ముండా 1875 నవంబరు 15న ఉలిహాతులో పుట్టాడు. ఆయన నడిపిన ఉల్‌గులాన్ తిరుగుబాటు 1899 డిసెంబరులో క్రిస్మస్ ముందు రాత్రి మొదలైంది. మరుసటి జనవరిలో దోంబారి కొండ మీద కాల్పులు జరిగాయి, ఫిబ్రవరిలో ఆయన పట్టుబడ్డాడు, జూన్ 9న రాంచీ జైలులో చనిపోయాడు. పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ తిరుగుబాటు ఫలితంగా ఆదివాసీల భూమి పరాయివాళ్ల చేతిలోకి పోకుండా ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. అది వచ్చినది 1908లో, సాక్చిలో గుంజ పాతిన సంవత్సరంలోనే. జార్ఖండ్ రాష్ట్రం 2000లో బిర్సా పుట్టినరోజునే ఏర్పడింది. ఏటా ఆ రోజు ఊరంతా ఊరేగింపులు ఉంటాయి. నవంబరు 15 నుంచి అయిదు రోజులు గోపాల్ మైదానంలో ‘సంవాద్’ పేరిట దేశం నలుమూలల ఆదివాసీ కళాకారులు, వైద్యులు, వంటవాళ్లు చేరతారు. చలికాలపు యాత్రకు ఇంతకన్నా మంచి మొదలు లేదు.

బిర్సానగర్‌కు ఆదివారం వెళ్లడం మేలు. ఆ రోజు సంత. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తెల్లారేసరికి వచ్చి గోనెపట్టాలు పరుస్తారు. చలికాలం కాబట్టి క్యాలీఫ్లవర్లు, బఠాణీ కాయలు, మట్టి వీడని కొత్త బంగాళాదుంపలు, ముల్లంగి. ఆకుకూరలు కట్టలు కట్టలు. సాలాకుల విస్తళ్లు, కానుగ పుల్లలు, ఖర్జూర రసం కాచి చేసిన కొత్త బెల్లం. ఆ బెల్లం చలికాలంలో తప్ప దొరకదు, వాసనకే నోరూరుతుంది. ఓ మూల కోళ్లు, మరో మూల అల్యూమినియం తపేలాల్లో హడియా. అన్నాన్ని మూలికల బిళ్లలతో పులియబెట్టి చేసే తెల్లటి కల్లు అది, ఆకు దొప్పలో పోసి ఇస్తారు. ఫొటో తీయాలంటే ముందు అడగడం మర్యాద.

జనవరి నడిమికి ప్రాంతమంతా టుసు పండుగలో మునిగిపోతుంది. తెలుగువాడు చూసి ఆశ్చర్యపోవలసిన పండుగ ఇది. పుష్యం నెల అంతా కన్నెపిల్లలు సాయంత్రం పూట చేరి పాటలు పాడతారు. మట్టి మూకుడులో ఊక పోసి, పేడ ముద్దలు పెట్టి, గరిక, బంతిపూలు అలంకరించి టుసు అనే కన్నెదేవతను నిలుపుతారు. ధనుర్మాసంలో మన ముంగిట గొబ్బెమ్మలు పెట్టే రోజులే ఇవి. మకర సంక్రాంతి నాడు వెదురు బద్దల చట్రానికి రంగు కాగితాలు అతికించిన ‘చౌడల్’లో టుసును మోసుకుంటూ డప్పులతో సువర్ణరేఖకో ఖర్‌కాయికో వెళ్లి నిమజ్జనం చేస్తారు. చౌడల్ కొన్ని మనిషి ఎత్తు ఉంటాయి, కొన్ని రెండంతస్తుల మేడల్లా పైకి లేస్తాయి. నది ఒడ్డున స్నానాలు, కొత్త బట్టలు, మేళాలు, కోడిపందాలు. ఇంట్లో బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలిపి నూనెలో వేయించిన పీఠా. అచ్చం అరిసె అనలేం గానీ, అరిసె రుచి తెలిసిన నాలుకకు చుట్టరికం తెలిసిపోతుంది. కుర్మీ మహతోలు, భూమిజ్‌లు, సంథాల్‌లు ఎక్కువగా చేసే ఈ పండుగకు ఊళ్లో పని దాదాపు ఆగిపోతుంది. మేస్త్రీ దొరకడు, కూలీ దొరకడు. రెండు మూడు రోజుల పాటు ఎవరూ ఆ సంగతి పట్టించుకోరు కూడా.

ఊరి బయట చూసేవాటిలో డిమ్నా చెరువు, దల్మా కొండ ముఖ్యం. దల్మా అడుగున ఉన్న డిమ్నా జలాశయం ఊరికి నీళ్లిచ్చేది. డిసెంబరు చివరి వారం నుంచి వనభోజనాల జనంతో గట్టంతా నిండిపోతుంది. నిశ్శబ్దం కావాలంటే పని రోజున పొద్దున్నే వెళ్లాలి. దల్మా శిఖరం 900 మీటర్లు దాటుతుంది. 1976 నాటి అభయారణ్యం ఏనుగులకు పేరు మోసింది. అయితే వరి కోతల కాలానికి ఏనుగుల మందలు తూర్పున బెంగాల్ వైపు, బాంకుడా, మేదినీపూర్ చేల మీదికి వెళ్లిపోతాయి. చలికాలంలో వచ్చినవారికి ఏనుగులు కనబడే ఆశ తక్కువ. ఎండలు ముదిరాక నీటి గుంటల దగ్గర కనబడతాయి. చలికాలంలో దల్మాకు వెళ్లేది అడవి కోసం, మీది నుంచి కనిపించే ఊరి దృశ్యం కోసం.

జనవరి 1న డిమ్నాకు జనం పోటెత్తుతారు. అదే రోజు పడమట ఉన్న ఖర్సావాఁకూ వేల మంది వెళ్తారు గానీ విందుకు కాదు. 1948 జనవరి 1న, తమ సంస్థానాన్ని ఒడిశాలో కలపడాన్ని నిరసిస్తూ అక్కడి సంతలో చేరిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు చనిపోయారన్న లెక్క ఇప్పటికీ తేలలేదు. అమరుల స్మారకం దగ్గర ఏటా నివాళులర్పిస్తారు. కొత్త సంవత్సరం నాడు ఆ దారిలో ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయని గుర్తుంచుకుని ప్రయాణం పెట్టుకోవాలి.

తూర్పున రైల్లో గంటలోపు ఘాట్‌శిలా వస్తుంది. ‘పథేర్ పాంచాలీ’ రాసిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ చివరి రోజులు గడిపి, 1950 నవంబరులో కన్నుమూసిన ఊరు. ఆయన ఇల్లు గౌరీకుంజ్ ఇప్పుడు చూడవచ్చు. బెంగాలీలు గాలిమార్పు కోసం చలికాలంలో వచ్చేది ఇక్కడికే.

ఏర్పాట్ల సంగతి. ఉక్కు కార్ఖానా లోపలికి ముందస్తు అనుమతి లేనిదే వెళ్లలేరు, గేటు దగ్గర బతిమాలి లాభం లేదు. రూసీ మోదీ సెంటర్‌లో కంపెనీ చరిత్ర ప్రదర్శన చూస్తే ఆ కొరత కొంత తీరుతుంది. ఊళ్లో తిరగడానికి షేర్ ఆటోలు చాలు. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల ఉత్తరాది నుంచి వచ్చే రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి గనుక వెంటనే మరో బండి పట్టుకునేలా టిక్కెట్లు తీయకూడదు. విమానంలో అయితే 130 కిలోమీటర్ల దూరంలో రాంచీ. సంక్రాంతి వారంలో గదులు, బెర్తులు రెండూ దొరకవు, ముందే చూసుకోవాలి. ఒక్కరోజే వీలైతే కొండనూ చెరువునూ వదిలేసి ఊరు చూడండి. పొద్దున బిర్సానగర్, మధ్యాహ్నం బిష్టుపూర్, జూబ్లీ పార్కు, సాయంత్రం దోముహాని. అది ఆదివారమైతే మరీ మంచిది.